నడచు శవముల నాటకము - రసభంగము

ఏండ్ల తరబడి సాగు కథకు, దానిని ప్రేమించిన ప్రేక్షకులే తుదకు న్యాయాధిపతులగుదురు. అమెరికాలో ఏఎంసీ అను టెలివిజను సంస్థ 2010 అక్టోబరు 31వ తేదీన ప్రారంభించి, 2022 నవంబరు 20వ తేదీన ముగించిన 'ది వాకింగ్ డెడ్' అను ధారావాహిక నాటకమునకు ఈ గతియే పట్టినది. చచ్చినవారు లేచి నడచుచు, బ్రదికియున్నవారిని కొఱికి తిను లోకము ఇందలి కథావస్తువు. అట్టి శవములను జనులు జాంబీలనుచుండగా, నాటకములోని పాత్రలు మాత్రము 'వాకర్లు', అనగా నడచువారు, అని పిలుచును. పదునొకండు సీజనులలో 177 ఎపిసోడులుగా సాగిన ఈ కథ, నడిమికి వచ్చుసరికి పస తగ్గినదని ప్రేక్షకులలో పెక్కురు అంగీకరింతురు. ఎప్పుడు తగ్గినది, ఏల తగ్గినది అనుచోట మాత్రము వారిలో వారికి పొత్తు కుదురదు. నాటకము ముగిసిన పిమ్మటను ఆ వాదము ముగియలేదు.

వాదులలో ఒక పక్షమువారు పతనమును 2011 నాటి రెండవ సీజనుననే చూచిరి. రాబర్ట్ కర్క్‌మన్ రచించిన బొమ్మల కథను టెలివిజనునకు అనువుగా తీర్చిన ఫ్రాంక్ డారబాంట్ ఆ యేడు జూలైలో నాటకమునుండి తొలగెను. అటుపిమ్మట కథ ఒక రైతు పొలములో చిక్కుపడి కదలక నిలిచినదని వీరి ఫిర్యాదు. రెండవ పక్షమువారు 2016వ సంవత్సరమును వేలెత్తి చూపుదురు. మూడవ పక్షమువారు కథానాయకుని కుమారుడైన కార్ల్ మరణమును, అనగా 2018 ఫిబ్రవరిని, హద్దుగా పెట్టుదురు. వీరెవ్వరితోను ఏకీభవింపనివారును కలరు. ఏంజెలా కాంగ్ నిర్వహణమున 2018లో మొదలైన తొమ్మిదవ సీజనుతో నాటకము తేఱుకొన్నదనియు, తొందరపడి లేచిపోయినవారే నష్టపోయిరనియు వారి మాట.

అంకెలు ఈ వాదమును కొంత తేల్చును గాని పూర్తిగా తేల్చవు. 2014 అక్టోబరులో అయిదవ సీజను తొలి ఎపిసోడును ఇంచుమించు 1 కోటి 73 లక్షలమంది చూచిరి. 2022లో తుది ఎపిసోడును ప్రసారమైన రాత్రి చూచినవారు 23 లక్షలకు మించలేదు. ఈ నడుమ అమెరికా ప్రేక్షకులు వేళకు వచ్చు ప్రసారములను వీడి, ఇంటర్నెట్టు ద్వారా తీరిక వేళ చూచుటకు అలవాటుపడిరి. కనుక తగ్గుదలనంతయు నాటకముపై మోపుట న్యాయము కాదు. ఐనను 2016 అక్టోబరు 23వ తేదీన 1 కోటి 70 లక్షలున్న ప్రేక్షకులు, మరుసటి వారమునకే 1 కోటి 25 లక్షలకు దిగిరి. చూచు అలవాటులు ఒక్క వారములో మాఱునవి కావు. ఆ రాత్రి నాటకమున జరిగినదేమో తెలియవలెనన్నచో, మొదట ఆ నాటకమునకు పేరు తెచ్చిన గుణమేమో చూడవలెను.

తొలి ఎపిసోడులో పోలీసు అధికారియైన రిక్ గ్రైమ్స్ ఆసుపత్రిలో స్పృహ తెలిసి లేచుసరికి లోకము తలక్రిందులై యుండును. ఒక ఉద్యానమున, నడుము క్రింది భాగము లేని స్త్రీ శవము గడ్డిపై ప్రాకుచుండును. మొదట దానిని చూచి వెఱచి తొలగిపోయిన రిక్, తుపాకి చేతికి వచ్చిన పిమ్మట తిరిగివచ్చి, ఆమెకిట్లు జరిగినందుకు విచారము తెలిపి, ఆపై ఆమెకు విముక్తి కలిగించును. అదే సమయమున మోర్గన్ అను మఱియొకడు మేడ కిటికీనుండి, శవమై తిరుగుచున్న తన భార్యకు గురిపెట్టి, కాల్చలేక యేడ్చును. భయమును జుగుప్సయు అచ్చట అంగములు మాత్రమే, శోకమే అంగి. ఒకనాడు మనిషియై యుండినదానిని చూచి ప్రేక్షకుడు కంట తడిపెట్టెను. నాటకమునకు పేరు వచ్చినది ఇందువలననే.

మందకొడియని నిందపడిన రెండవ సీజనులోను ఈ గుణము చెడలేదు. తప్పిపోయిన సోఫియా అను బాలికకొఱకు కథలోని వారందఱు వెదకుచుందురు. ప్రేక్షకుడును వారములకొలది ఎదురుచూచును. 2011 నవంబరులో ప్రసారమైన ఎపిసోడు చివర పొలములోని కొట్టము తలుపులు తెఱవగా, వెలుపలికి వచ్చు శవములలో కడపటిది ఆ బాలిక. అంతవరకు జరిగిన జాగునకు అర్థము ఆ క్షణమున తెలియును. కనుక నెమ్మది నడకను మాత్రమే దోషమనుట చెల్లదు.

దోషమెచ్చటనున్నదో చెప్పుటకు అలంకారశాస్త్రము తోడ్పడును. రసదోషములలో ఈ వాదమునకు పనికివచ్చునవి రెండు కలవు. పరిపోషము పొందిన రసమునే మాటిమాటికి రగిలించుట ఒకటి. దానికి పునఃపునర్దీప్తి యని పేరు. సమయము కానిచోట రసమును త్రెంచివేయుట మఱియొకటి; అది అకాండచ్ఛేదము. తొమ్మిదవ శతాబ్దిలో కాశ్మీరమున వెలసిన ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకము'న ఈ రెంటిని గుర్తించి, పలుమాఱులు తడవబడిన రసము వాడిన పువ్వు వంటిదగునని వివరించెను.

ఇక నాటకమున జరిగినదానిని చూడవచ్చును. 2015 అక్టోబరులో గ్లెన్ అను పాత్ర జాంబీల గుంపులో పడగా, అవి అతనిని చీల్చుచున్నట్లే చూపిరి. మరుసటి వారము ప్రారంభపు నామావళినుండి ఆ నటుని పేరును సయితము తొలగించిరి. నాలుగు వారములకు తేలినదేమనగా, అవి చీల్చినది గ్లెన్‌పై పడిన వేఱొకని శరీరమును. గ్లెన్ ఒక చెత్తతొట్టి క్రిందికి ప్రాకి బ్రదికెను. నిజముగా దుఃఖించిన ప్రేక్షకుడే ఇందు అందఱికంటె ఎక్కువగా మోసపోయినవాడు. ఆ గాయము మానకముందే, 2016 ఏప్రిలు 3వ తేదీన, నీగన్ అను క్రూరుడు ముండ్లతీగె చుట్టిన బేస్‌బాల్ బ్యాటు ఎత్తి, వరుసగా మోకరిల్లియున్న వారిలో ఒకరిని మోదును. ఎవరిని మోదెనో చూపకయే ఆ సీజను ముగిసినది. ఆరు నెలలు గడచిన పిమ్మట, అక్టోబరు 23వ తేదీన, మొదట అబ్రహాము, పిదప గ్లెన్ హతులైనట్లు చూపిరి. నడుమ నున్న ఆరు నెలలు ప్రేక్షకుడు శోకింపలేదు. చచ్చినదెవ్వరై యుందురాయని లెక్కలు వేసికొనెను. తెలిసికొనదలచినది తెలిసిన పిమ్మట మఱుసటి వారము చాలమంది మఱలి రాలేదు.

వస్తువే క్రూరమైనప్పుడు సుకుమారముగా చూపుట యెట్లు అని నాటకమును సమర్థించువారు అడుగుదురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. 2012 జూలైలో వెలువడిన బొమ్మల కథ 100వ సంచికలోను గ్లెన్ నీగన్ చేతిలో అంత క్రూరముగనే చచ్చును. కాని అచ్చట దెబ్బయు, దానివలని దుఃఖమును ఒకే సంచికలో కలవు. చదువరి శోకమును ఎరగా చేసి ఆరు నెలలు నీటిలో వ్రేలాడదీయలేదు.

తొమ్మిదవ సీజను బాగున్నదనువారి పక్షమును ఈ కొలతతోనే నిలుచును. 2019 మార్చిలో ప్రసారమైన ఒక ఎపిసోడున పదిమంది తలలు కొఱతలపై కానవచ్చును. అది గ్లెన్ మరణమునకు తీసిపోని బీభత్సము. ఐనను ప్రాణములతో తిరిగివచ్చిన సిద్దిక్, చచ్చినవారు ఒకరికొఱకు ఒకరు ఎట్లు పోరాడిరో తన వారందఱి యెదుట నిలిచి చెప్పును. చచ్చినవారికి దక్కవలసిన దుఃఖము వారికి దక్కినది. కాని అప్పటికే చాలమంది ప్రేక్షకులు లేచిపోయియుండిరి.

కర్క్‌మన్ 2003లో ఆరంభించిన బొమ్మల కథను, 2019 జూలైలో 193వ సంచికతో, ముందుగా చాటింపకయే ముగించెను. కథ నిండినదని తోచినచోట ఆగుటకు ఆ రచయితకు వీలు చిక్కినది. ప్రకటనల రాబడిపై ఆధారపడు ప్రసారసంస్థకు ఆ వీలు తక్కువ. చూచువారున్నంతవరకు సాగదీయుటయే దానికి లాభము. బొమ్మల కథలో తుదివరకు జీవించు కార్ల్‌ను నాటకము చంపివేసినది. 2018 నవంబరులో వంతెన ప్రేలుడున చచ్చెనని తోటివారు నమ్మిన రిక్, 2024లో వేఱొక నాటకమునకు నాయకుడై తిరిగివచ్చెను. ముగింపును వాయిదా వేయు కథ, ప్రేక్షకుని వచ్చు వారమునకు రప్పించుటకు మరణమునే తాయిలముగా వాడుకొనును. అట్లు వాడినకొలది ఆ మరణమునకు కన్నీరు రాదు. ఈ నాటకమునకు పట్టిన అసలు తెగులు ఇదియే.

ఇట్టి వాదములు పొద్దుపోక చేయు తగవులని బడిలో త్రోసివేయుట తగదు. 'కుమారసంభవము'లోని రతీవిలాపమును పునఃపునర్దీప్తికి ఉదాహరణముగా మమ్మటుడు 'కావ్యప్రకాశము'న చూపెను. కాళిదాసుపై ద్వేషముచేత ఆయన ఆ పని చేయలేదు. విద్యార్థి యొకడు తాను చూచుచున్న నాటకము చెడినదని వచ్చి చెప్పినప్పుడు, ఉపాధ్యాయుడు ఏ ఘట్టమున చెడినదని అడుగవలెను. అచ్చట ఏ భావము కలుగవలసియుండగా ఏది కలిగినదని అడుగవలెను. ఆ రెండు ప్రశ్నలకు జవాబు వెదకు విద్యార్థి విమర్శనమున ప్రవేశించినట్లే. వేయి ఎపిసోడులు దాటిన ధారావాహికలు తెలుగునను కలవు గనుక, అభ్యాసమునకు అమెరికా వఱకు పోనక్కఱలేదు.