చల్లారిన పిదప పరీక్ష యేల?

రామగుండములో 1980వ సంవత్సరమున ప్రభుత్వమువారి ఎరువుల కర్మాగారము నేలబొగ్గును వాయువుగా మార్చి ఎరువు చేయ నారంభించెను. 1999లో అది మూతపడెను. నేడక్కడ నెలకొన్న క్రొత్త కర్మాగారము సహజవాయువుతో నడుచుచున్నది. ఇపుడు కేంద్రప్రభుత్వమునకు బొగ్గువాయువుమీద మరల మోజు పుట్టినది. 2030 నాటికి పదికోట్ల టన్నుల బొగ్గును వాయువుగా మార్చవలెనని సంకల్పించి, 2024 జనవరిలో 8,500 కోట్ల రూపాయల పథకమును మంత్రివర్గము ఆమోదించెను. మంచిదే. కాని ఆ వాయువును ఏమి చేయుదురు? మరల పొయ్యిలో మండించి ఆవిరి పుట్టింతురా?

2016 విభజనకు పూర్వపు కరీంనగరు, ఆదిలాబాదు జిల్లాల ప్రజలకు ఈ ప్రశ్న అడుగు హక్కు గలదు. బెల్లంపల్లి, మందమర్రి, శ్రీరాంపూరు, గోదావరిఖని గనులలో మనవారు ప్రాణములొడ్డి త్రవ్విన బొగ్గును విద్యుత్కేంద్రములలో కాల్చునపుడు, అందలి శక్తిలో ఇంచుమించు మూడింట రెండువంతులు గాలికిని నీటికిని ధారపోయబడుచున్నది. రామగుండపు 2,600 మెగావాట్ల వెలుగు పలురాష్ట్రములు పంచుకొనుచున్నవి. బూడిదలో మాత్రము మనకు పాలివారెవరును లేరు.

మండింపకయే వాయువునుండి విద్యుత్తు తీయు సాధనమొకటి గలదు. దానికి సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్ అని పేరు, ఇంధన ఘటమందము. పింగాణివంటి జిర్కోనియా పలకకు ఒకవైపు నికెలు, మరియొకవైపు వేరు లోహముల ఆక్సైడు పూత. 700 మొదలు 900 డిగ్రీల వేడిలో గాలిలోని ఆమ్లజని విద్యుదావేశమును తాల్చి పలకగుండ పయనించి ఆవలి వాయువుతో కలియును. ఆ కలయికలో విడివడిన ఎలక్ట్రానులు తీగవెంట ప్రవహించును. ఇంధనశక్తిలో సగము, ఒక్కొకచో అంతకు మించియు, విద్యుత్తుగా చేతికందును. 1937లోనే స్విట్జర్లాండులో బావర్, ప్రైస్ అనువారు దీనిని నడిపి చూపిరి. ఎనుబదియేండ్లు దాటినను ఇది విరివిగా ఏల రాలేదు? జబ్బుపడును గనుక. వాయువులో పదిలక్షల పాళ్లకు కొద్దిపాళ్లు గంధకపు విషమున్న చాలును, నికెలు మందగించును. నికెలు రేణువులు నానాటికి ముద్దగట్టును; మసి పేరుకొనును.

ఈ జబ్బును కనిపెట్టుటకు బహుకాలము శవపరీక్షయే శరణ్యమైనది. ఘటమును చల్లార్చి, కోసి చూచెడివారు. న్యాయస్థానపు మెట్లెక్కుచుండు మాకు ఇట్టి సాక్ష్యము విలువ తెలియును. చల్లారునపుడు గాలి సోకిన నికెలు ఆక్సైడగును. ఆ మార్పు పనిలోనుండగనే కలిగినదో, చల్లార్చినవారి వలన కలిగినదో చెప్పువారెవరు? నేరము జరిగిన తావును కడిగి తుడిచి పంచనామా వ్రాసినట్లుండును.

ఎక్స్-కిరణముల వర్ణపట పరీక్ష ప్రత్యక్షసాక్షిని తెచ్చి నిలిపినది. ప్రతి మూలకమును తనకు ప్రత్యేకమైన శక్తిగల కిరణమును పీల్చును. నికెలుకు ఆ మెట్టు 8,333 ఎలక్ట్రాన్ వోల్టుల యొద్ద నుండును; ఆక్సైడైన నికెలుకు కొంచెము పైకి జరుగును. ఘటము ఎర్రగా కాగి, వాయువు పారుచు, కరెంటు నిచ్చుచుండగనే, కిటికీగుండ కిరణమును పంపి నికెలు స్థితిని చదువవచ్చును. ఇది ఒక మార్గము. మరొక మార్గమున, కిరణము సోకి వెలికివచ్చు ఎలక్ట్రానులను కొలిచి, నడుచుచున్న ఘటముపై ఏ చోట ఎంత వోల్టేజి గలదో 2010లో అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ పని బర్క్‌లీలోని అడ్వాన్స్‌డ్ లైట్ సోర్సు అను కిరణాలయమున జరిగినది.

ఇట్టి కిరణాలయము మనకు లేదా? ఇండోరులోని రాజా రామన్న కేంద్రమున ఇండస్-2 గలదు. నికెలు మెట్టును కొలువదగిన పరీక్షాస్థానములును అందున్నవి. ఘటములు చేయు నేర్పు కలకత్తాలోని గాజు, పింగాణి పరిశోధనాలయమునకు గలదు. బొగ్గు మనయొద్ద గలదు. ఈ మూటిని ఒకచోటికి తెచ్చు సంకల్పమునకే కరవు.

ఇక ఆక్షేపణలు. విదేశీ కంపెనీలయొద్ద కొనిన చాలదా యని కొందరు పెద్దలందురు. కొనుడు! పరిశుద్ధవాయువుతో పరీక్షించి పంపిన పెట్టె మన బొగ్గువాయువునకు ఎన్నాళ్లు తాళునో ఏ రసీదులో వ్రాసి యిత్తురు? సీలువేసిన పెట్టె చెడిననాడు దానిని తెరచు అధికారమైనను మనకుండునా? బొగ్గు కాలము ముగిసినది, సూర్యరశ్మి వచ్చినదని మరికొందరి మాట. ఈ ఘటమునే తలక్రిందుగా నడిపినచో కరెంటు నిచ్చి నీటియావిరినుండి ఉదజనిని పొందవచ్చును. పగటి యెండను రాత్రికి దాచుటకు అదియొక ఉపాయము. అపుడును దానికి జబ్బులు తప్పవు, వైద్యుడును కావలయును. గనికార్మికుని బిడ్డకు దీనితో నేమి పని యని చప్పరించువారికి మా జవాబు కటువుగనే యుండును: ఆ బిడ్డ తండ్రివలె తట్ట మోయుటకే పుట్టెనని మీకెవరు చెప్పిరి?

మా కోరిక స్వల్పము. 8,500 కోట్లలో ఒక చిన్న పాలు వేరుచేసి, గోదావరిలోయ బొగ్గునుండి తీసిన వాయువుతో నడుచు ఘటమును ఇండోరు కిరణము ముందు నిలుపుడు. కరీంనగరు శాతవాహన విశ్వవిద్యాలయపు రసాయనశాస్త్ర విద్యార్థులను ఆరేసి మాసములు అక్కడికి పంపుడు. ఈ ప్రాంతపు పార్లమెంటు సభ్యులలో వచ్చు సమావేశమున ఈ ప్రశ్న వేసినవారి పేరు ఈ పుటయందే ప్రకటింతుము. ఎవరును వేయకున్న, అదియు ప్రకటింతుము.