పాత కంప్యూటర్లు టెర్మినళ్లుగా: ఆలోచించదగిన మార్గం

కొత్త సాఫ్ట్‌వేర్‌ను మోయలేవన్న కారణంతో వ్యవసాయ కళాశాలల్లో పాత కంప్యూటర్లు మూలన పడుతుంటాయి. ఒక స్ప్లిట్ ప్లాట్ ప్రయోగ ఫలితాల విశ్లేషణకు ఏ యంత్రమైనా చాలు. అనేక సంవత్సరాల వాతావరణ సమాచారంతో పంట నమూనాలను నడపాలన్నా, ఉపగ్రహ చిత్రాలను వర్గీకరించాలన్నా వాటి మెమరీ చాలదు. ఖరీదైన ల్యాప్‌టాప్ ఉన్న విద్యార్థి సిద్ధాంత వ్యాసం ముందుకు సాగుతుంది. లేని విద్యార్థి తన వంతుకై వేచి ఉండాలి. ఈ అసమానతకు ప్రతి బల్లపైనా కొత్త యంత్రం కొనడమొక్కటే పరిష్కారం కాదు.

1984లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో రూపొందిన ఎక్స్ విండో వ్యవస్థ మరో మార్గం చూపింది. 1987లో వెలువడిన దాని 11వ రూపం నేటికీ వాడుకలో ఉంది. ఇందులో ప్రోగ్రాం కేంద్ర కంప్యూటర్‌లో నడుస్తుంది. దాని కిటికీ మాత్రమే విద్యార్థి తెరపై తెరుచుకుంటుంది. కీబోర్డు, మౌస్ సంకేతాలు నెట్‌వర్క్ ద్వారా వెళతాయి. తెరపై ఏమి గీయాలో తెలిపే సూచనలు తిరిగి వస్తాయి. భారమైన గణన కేంద్రానిదే కనుక పాత యంత్రం సరిపోతుంది. ఆర్, క్యూజీఐఎస్ వంటి సాఫ్ట్‌వేర్‌ను ఒక్కచోట స్థాపిస్తే అందరూ ఒకే వెర్షన్‌ను వాడతారు. ఒకరి విశ్లేషణను మరొకరు సరిచూడటం సులభమవుతుంది.

అయితే కేంద్ర యంత్రం ఆగితే ప్రయోగశాల మొత్తం ఆగుతుందన్న అభ్యంతరం సహేతుకమే. ఎక్స్ పద్ధతిలో సందేశాలు పదేపదే అటూ ఇటూ తిరుగుతాయి కాబట్టి ప్రాంగణంలోని నెట్‌వర్క్‌లో చురుకుగా పనిచేసినా, దూరపు పరిశోధన స్థానాల నుండి మందగిస్తుంది. అక్కడివారు ఆదేశాల ద్వారా పని అప్పగించి ఫలితాలను తెప్పించుకోవడం మేలు. ఎక్స్ తనంతట తాను సమాచారాన్ని గూఢీకరించదు; ఎస్‌ఎస్‌హెచ్ మార్గంలోనే వాడాలి.

చెరువు నిండినంత మాత్రాన ఆయకట్టు తడవదు; తూము వద్ద నీరటి ఉండాలి, కాలువల్లో పూడిక తీయాలి. అదేవిధంగా సర్వర్‌తోపాటు యూపీఎస్, నిత్య బ్యాకప్, శిక్షణ పొందిన నిర్వాహకుడు అవసరం. వీటన్నింటినీ ఒకే ప్రతిపాదనలో చేర్చి, ముందుగా ఒక విభాగంలోని ఒక ప్రయోగశాలలో ఏడాదిపాటు పరీక్షించాలి. కొత్త వంగడాన్ని పరీక్షించకుండా రైతుకు సిఫారసు చేయని విశ్వవిద్యాలయాలు ఈ విషయంలోనూ అదే నియమం పాటించడం సమంజసం.