అద్దె జీపు ఎక్కే ముందు



విశాఖపట్నం నుండి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో బొర్రా గుహలున్నాయి. వాటికి దగ్గరలోనే కటికి జలపాతం. అక్కడికి పోవు దారి రాళ్ల బాట. మన కార్లు పనికిరావు; అద్దె జీపు ఎక్కాలి, లేదా నడవాలి.

కొన్నేళ్ల క్రితం మా సంఘ కుటుంబాలతో వెళ్లాను. డబ్బు మిగులుతుందని రెండు జీపుల మనుషులను ఒక్కదానిలోనే ఎక్కించాను. డ్రైవరు వద్దన్నాడు, నేనే బ్రతిమాలి ఒప్పించాను. తిరిగి దిగేటప్పుడు బ్రేకులు కాలిన వాసన వచ్చింది. అతడు బండి ఆపి అందరినీ దింపేశాడు. చంటిబిడ్డను ఎత్తుకొని ఆ రాళ్ల మీద నడుస్తూ ఒక తల్లి నా వైపు చూసిన చూపు నేటికీ మరువలేదు. నేను మిగిల్చింది ఒక జీపు అద్దె. పణంగా పెట్టింది ఇతరుల బిడ్డలను.

కనుక ఇంటి దగ్గరే లెక్క వేసుకోండి. ఎంతమందికి ఎన్ని జీపులు? అద్దె రానూపోనూ కలిపేనా? అక్కడ ఎంతసేపు ఆగుతారు? టైర్లు, స్టెప్నీ చూడండి. దిగేటప్పుడు తక్కువ గేరులో నెమ్మదిగా రమ్మనండి. న్యూట్రల్‌లో వదిలితే భారమంతా బ్రేకుల మీదే పడి, అవి వేడెక్కి పట్టు తప్పుతాయి. పెద్ద వాన పడితే ప్రయాణం మానుకోండి. చీకటి పడకముందే కిందికి చేరేలా బయలుదేరండి.

అద్దె దగ్గర బేరమాడండి, తప్పులేదు. మనుషుల లెక్క దగ్గర మాత్రం వద్దు. డ్రైవరు “ఇక చాలండీ” అంటే, అది ఆ కొండదారి తెలిసినవాని మాట. వినండి.