కడలి చూపిన బాట

ఒక జాతి చరిత్రను దాని భౌగోళిక స్థితియే నిర్ణయిస్తుందని కొందరి అభిప్రాయం. ప్రాచీన గ్రీసు చరిత్రను పరిశీలిస్తే ఇది అర్ధసత్యమేనని తోస్తుంది.

గ్రీసు నేల పర్వతమయం. సాగుకు అనువైన మైదానాలు స్వల్పం. కొండలు లోయలను వేరుచేయగా ఏథెన్సు, స్పార్టా, కోరింత్ వంటి స్వతంత్ర నగర రాజ్యాలు వెలశాయి. కొండలు విడదీసినవారిని సముద్రం కలిపింది. ఏథెన్సు నుండి ఆలివ్ నూనె ఓడలకెక్కి విదేశాలకు వెళ్లేది. నల్లసముద్ర తీరాల నుండి ధాన్యం వచ్చేది.

అయితే సముద్రం అవకాశాన్ని మాత్రమే ఇస్తుంది. దానిని వినియోగించుకొనే వివేకం మనిషిది. క్రీ.పూ. 483 ప్రాంతంలో లారియన్ గనులలో వెండి విస్తారంగా లభించింది. దానిని పౌరులందరూ పంచుకోవాలన్న ప్రతిపాదన వచ్చింది. థెమిస్టాక్లీస్ వారిని ఒప్పించి, ఆ ధనంతో యుద్ధనౌకలు నిర్మింపజేశాడు. క్రీ.పూ. 480లో సలమిస్ జలసంధిలో పారశీక నౌకాదళాన్ని ఓడించడంలో ఆ నౌకలే ముందు నిలిచాయి. ఒక్కొక్క నౌకకు సుమారు 170 మంది తెడ్డు వేసేవారు అవసరం. వారిలో అనేకులు పేద పౌరులు. నగరాన్ని కాపాడిన ఆ చేతులకు నగర పాలనలోనూ బలం చేకూరింది.

ఆ సముద్రమే తరువాత ముప్పుగా పరిణమించింది. క్రీ.పూ. 405లో ఈగస్పోటమీ వద్ద నౌకాబలం నశించి, ధాన్యం వచ్చే దారి మూతపడింది. మరుసటి ఏడు ఏథెన్సు ఆకలికి తాళలేక లొంగిపోయింది. ఒకే దారిపై బ్రతుకును నిలిపిన ఫలితమది.

కావున ప్రకృతి హద్దులు గీస్తుందే గాని తలరాత రాయదు. చేతికందిన సంపదను నేడే పంచుకొనడమా, రేపటి రక్షణకు వెచ్చించడమా అన్న నిర్ణయం మానవునిదే.