హేమావతి శిల్పాలకు ఇంటిదారి చూపండి

ఆంధ్రప్రదేశ్ పురావస్తు, మ్యూజియంల శాఖ కమిషనర్ గారికి,

మాది రొళ్ల. మా పొరుగునున్న హేమావతి ఒకప్పటి హెంజేరు, నొళంబ రాజుల రాజధాని. అక్కడి దొడ్డేశ్వరాలయం కిటికీలు చూడండి: నల్లరాయిని తొలిచి, తీగల మెలికల నడుమ దేవతలను నిలిపారు. ఆ ఊరి శిల్పాలెన్నో ఇప్పుడు చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి. వాటిపై సి. శివరామమూర్తి రాసిన పుస్తకం 1964లో వచ్చింది.

దొరికిన శిల్పం మ్యూజియంలో ఉండాలా, సొంత ఊళ్లోనా అన్న వాదన పురావస్తువేత్తల్లో ఏనాటిదో. చెన్నైలో అవి భద్రంగా ఉన్నాయి, నిజమే. కానీ గుడికి దూరమైన స్తంభం సగం చరిత్రే చెబుతుంది.

తమిళనాడు ప్రభుత్వంతో మాట్లాడండి. తిరిగి తేవడం కుదరకపోతే నమూనాలైనా చేయించి, తెలుగు, కన్నడ వివరాలతో హేమావతిలో పెట్టించండి. మా మండలంలోని రత్నగిరి కోటనూ సర్వే చేయించండి. మా పిల్లలు ఈ నేల చరిత్రను చెన్నై రైలెక్కకుండానే చూడాలి.

ఇట్లు,
రొళ్ల మండల వాసి