నేలను అడిగి ఎరువు వేద్దాం

పైరు కాస్త పసుపు రంగుకు తిరిగితే చాలు, యూరియా బస్తా విప్పడం మన దేశంలో చాలాచోట్ల అలవాటైపోయింది. యూరియాలో ఉన్న పోషకం నత్రజని ఒక్కటే, నూటికి 46 పాళ్లు. పైరు పచ్చబడటానికి అది కావాలి, నిజమే. కానీ ఆకు పసుపు రంగుకు మారడానికి నత్రజని లోపం ఒక్కటే కారణం కాదు. ఇనుము తగ్గినా, గంధకం తగ్గినా, చేలో నీళ్లు నిలిచినా అలాగే అవుతుంది. రోగమేమిటో తెలియకుండా మందు మింగడం ఎలాంటిదో, మట్టి పరీక్ష చేయించకుండా ఎరువు చల్లడం అలాంటిదే అని నా అభిప్రాయం.

అమ్మానాన్నల బదిలీల వల్ల మనం నాలుగైదు ఊళ్ల మట్టిని చూస్తాం. ఆదిలాబాద్‌లో చెప్పులకు అంటుకుంటే వదలని నల్లరేగడి, అనంతపురంలో ఎర్ర నేల, కేరళలో ఇటుక రంగు లేటరైట్ నేల, గంగా మైదానంలో ఒండ్రు, రాజస్థాన్‌లో ఇసుక. పదో తరగతి భూగోళంలో వీటి పేర్లు, రంగులు రాస్తే మార్కులు వస్తాయి. కానీ ఆ మట్టి మొక్కకు ఏమి ఇస్తుంది, ఏమి ఇవ్వకుండా పట్టి ఉంచుతుంది అన్నదే అసలు ప్రశ్న.

మొక్క మట్టిని తినదు. నీటిలో కరిగిన పోషకాలనే వేళ్ల మీది సన్నని నూగు ద్వారా పీల్చుకుంటుంది. అవి కరుగుతాయా లేదా అన్నది చాలావరకు నేల ఉదజని సూచిక మీద ఆధారపడి ఉంటుంది. అది 6 నుంచి 7.5 మధ్య ఉంటే ఎక్కువ పోషకాలు పైరుకు అందుతాయి. ఆమ్ల నేలల్లో భాస్వరాన్ని ఇనుము, అల్యూమినియం బంధిస్తాయి. క్షార నేలల్లో ఆ పని కాల్షియం చేస్తుంది. అక్కడ జింకు, ఇనుము కూడా సరిగా కరగవు. అంటే పోషకం నేలలో ఉన్నా వేరుకు దొరకదు. అలాంటి చోట మరో బస్తా ఎరువు వేసేకంటే ముందు నేలను బాగుచేయాలి. ఆమ్ల నేలకు సున్నం, కారు చౌడుకు జిప్సం వేస్తారు. ఇసుక నేలల సమస్య వేరు. అక్కడ నత్రజని నీటితో పాటు కిందికి జారిపోతుంది కాబట్టి ఒకేసారి కాకుండా విడతలుగా వేయాలి.

హిమాలయాల దిగువన ఉన్న తరాయి ప్రాంతంలో వరి ఆకుల మీద తుప్పు రంగు మచ్చలు వచ్చి పైరు గిడసబారిపోయేది. దాన్ని ఖైరా తెగులు అనేవారు. అది జింకు లోపమని పంత్‌నగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రవేత్త వై.ఎల్. నెనె 1966లో తేల్చారు. ఎంత యూరియా పోసినా తీరని ఆ లోపం జింక్ సల్ఫేట్‌తో తీరింది. అనంతపురం వేరుశనగ సంగతి ఇంకా చిత్రం. ఆ కాయ తనకు కావలసిన కాల్షియాన్ని వేళ్ల ద్వారా కాక, చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా తీసుకుంటుంది. అందుకే ఊడలు దిగే వేళకు ఎకరానికి 200 కిలోల జిప్సం వేయమని చెబుతారు. లేకపోతే తాలు కాయలు ఎక్కువవుతాయి. మేత భూముల్లోనూ ఇంతే. నేలలో భాస్వరం లేకపోతే గడ్డిలో ఉండదు. ఆ గడ్డి మేసిన పశువులు ఎముకలు నములుతుంటాయి.

దీనికంతా రైతునే తప్పుపట్టడం న్యాయం కాదు. 45 కిలోల యూరియా బస్తా మూడు వందల రూపాయల లోపు వస్తుంది. 50 కిలోల డీఏపీ బస్తా ధర 1,350 రూపాయలు. 2010లో పోషకాల ఆధారిత రాయితీ వచ్చినప్పుడు కూడా యూరియాను అందులో చేర్చలేదు. చవకగా దొరికేదాన్నే ఎవరైనా ఎక్కువ వాడతారు. ఫలితంగా పైరు ఏపుగా పెరిగి గాలికి పడిపోతుంది, చీడపీడలు పెరుగుతాయి, మిగిలిన నత్రజని నైట్రేట్‌గా మారి భూగర్భ జలాల్లోకి దిగుతుంది.

2015 ఫిబ్రవరి 19న రాజస్థాన్‌లోని సూరత్‌గఢ్‌లో కేంద్ర ప్రభుత్వం నేల ఆరోగ్య కార్డుల పథకాన్ని ప్రారంభించింది. సేంద్రియ కర్బనం, జింకు, బోరాన్‌తో సహా 12 అంశాలు ఆ కార్డులో ఉంటాయి. ఇది మంచి పథకం. అయితే కార్డు విత్తనాలు వేయకముందే చేతికి రావాలి, అందులోని అంకెలను రైతు భాషలో విడమరచి చెప్పేవారు ఉండాలి. లేకపోతే అది పెట్టెలో దాచుకునే మరో కాగితం అవుతుంది.

మనలో చాలామందికి సొంత పొలం ఉండకపోవచ్చు. అయినా ప్రతి విద్యాలయంలో తోట ఉంటుంది. ఇప్పటికే కొన్ని కేంద్రీయ, నవోదయ విద్యాలయాల్లో విద్యార్థులే మట్టి పరీక్షలు చేస్తున్నారు. ఇది అన్ని చోట్లా జరగాలి. తోటలో ఎనిమిది పది చోట్ల ‘వి’ ఆకారంలో 15 సెంటీమీటర్ల లోతు గుంట తీసి, పక్కల నుంచి మట్టి సేకరించాలి. గట్ల పక్కన, చెట్ల నీడన, పెంటకుప్పల దగ్గర తీయకూడదు. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు తీసుకుంటూ అర కిలోకు తగ్గించి, నీడన ఆరబెట్టి, గుడ్డ సంచిలో పరీక్షకు పంపాలి.

వచ్చిన ఫలితాలను ఒక రిజిస్టరులో రాసిపెడదాం. రెండు మూడేళ్లలో మనం మరో ఊరికి వెళ్లిపోతాం. బదిలీ మీద కొత్తగా వచ్చిన పిల్లలు ఆ రిజిస్టరు చూసి, ఈ నేలకు ఏమి తక్కువో తెలుసుకుని మొక్క నాటుతారు.