మైకు కంటే బొంత మేలు

ఎమ్మిగనూరులో తాత చెప్పే మగ్గం కబుర్లను ఫోనులో రికార్డు చేస్తే, బావిలోంచి మాట్లాడినట్లు వినబడుతుంది. ఎందుకు? ఖరీదైన మైకు కొనాలంటారు చాలామంది. నా అభిప్రాయం వేరు. ముందు మార్చవలసింది మైకును కాదు, గదిని.

ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. బండలు పరచిన ఖాళీ గదిలో అది నేలకు, గోడలకు, కప్పుకు మాటిమాటికీ తగిలి వెనక్కి వస్తుంది. మాట ఆగినా దాని తోక ఆగదు. ఇదే ప్రతినాదం. ఎంత మంచి మైకైనా మాటనూ తోకనూ కలిపే పట్టుకుంటుంది.

దీనికి మందు దగ్గరలోనే ఉంది. ఆదోని పత్తికి, ఎమ్మిగనూరు చేనేతకు పేరు కదా! దూదిపోగుల సందుల్లో కదిలే గాలి పోగులతో రాసుకుంటుంది; ధ్వనిశక్తిలో కొంత వేడిగా మారిపోతుంది. కనుక తాతకు ఎదుటి గోడకు దూది పరుపు నిలబెట్టండి, వెనుక మందపు బొంత వేలాడదీయండి. పలుచని దుప్పటైతే నాలుగు మడతలు వేయండి. ఫ్యాను ఆపండి. ఫోనును నోటికి జానెడు దూరంలో, కాస్త పక్కగా ఉంచండి. దూరం సగమైతే నేరుగా చేరే ధ్వని తీవ్రత నాలుగు రెట్లవుతుంది.

తరువాత కంప్యూటరుతో శుభ్రం చేయవచ్చు కదా అంటారేమో! ఫ్యాను హోరును చాలావరకు తగ్గించవచ్చు. కాని మాటలో కలిసిపోయిన ప్రతినాదాన్ని పూర్తిగా విడదీయడం కష్టం.

1938లో మాచాని సోమప్ప ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం స్థాపించిన సంగతి పుస్తకాల్లో దొరుకుతుంది. గుంటమగ్గం చుట్టూ అల్లుకున్న మాటలు మాత్రం పెద్దల నోళ్ళలోనే ఉన్నాయి. వాటిని మళ్ళీ చెప్పించుకునే అవకాశం రాకపోవచ్చు. అందుకే మొదటిసారే స్పష్టంగా పట్టుకోవాలి.